నాన్న గొంతులో కరెంటు మోత

"సినిమా పత్రిక కొనుక్కుంది లెక్కల పాఠం చదవడానికా?" అని మధ్యలో పేజీ తిప్పేస్తారేమోనని ముందే చెబుతున్నాను. ఈ వారం చెప్పబోయేది ఒక క్యాసెట్టు కథ. ఇందులో హీరో మా నాన్న. విలన్ అనుకున్నది కరెంటు మోత. తీరా క్లైమాక్సుకొచ్చేసరికి ఆ విలనే కథను నిలబెట్టాడు! మధ్యలో ఓ ఫ్రెంచి లెక్కల మాస్టారు, ఓ బెంగుళూరు ఇంజనీరు, మన సి.వి. రామన్ గెస్టు పాత్రల్లో వచ్చి పోతారు. ఫైట్లు లేవు గాని సస్పెన్సు ఉంది.

మాది తెనాలి. నాన్నది గుమాస్తా ఉద్యోగం, మనసు మాత్రం నాటకాల్లో. పండక్కీ పబ్బానికీ కృష్ణుడి వేషం కట్టేవారు. ఇంట్లో హార్మోనియం ముందేసుకుని పద్యం ఎత్తుకుంటే వీధి అరుగుల మీద కబుర్లు ఆగిపోయేవి. 1996లో ఓ సాయంత్రం పక్కింటి వాళ్ళ టేప్‌రికార్డరు అడిగి తెచ్చి, అరవై నిమిషాల క్యాసెట్టులో ఒక వైపంతా పాడారు. అదొక్కటే రికార్డింగు. 2009లో నాన్న పోయారు. క్యాసెట్టు మిగిలింది.

మిగిలిందన్న మాటే గాని ఎవరం వినేవాళ్ళం కాదు. పెడితే చాలు, ముందు ఝుమ్మని ఒకటే మోత. దాని వెనక ఎక్కడో నాన్న. అదీగాక మా అక్క ఎప్పుడూ ఒక మాట అనేది.

"ఒరేయ్, ఇది నాన్న గొంతు కాదురా. ఎవడో కుర్రాడు నాన్నలా పాడుతున్నట్టుంది. నాకొద్దు, ఆపేయ్."

నేను నమ్మేవాణ్ణి కాదు. నాన్న కాకపోతే ఇంకెవరు? నేను పక్కనే కూర్చుని ఉన్నాను కదా!

<b>కత్తెరకు దొరకని మోత</b>

మొన్నామధ్య ఓ డబ్బింగు థియేటరుకి ఈ శీర్షిక పని మీదే వెళ్ళాను. అక్కడి సౌండు ఇంజనీరు కుర్రాడు నాకు నాలుగైదేళ్ళుగా తెలుసు. షూటింగులో ఫ్యాను మోత, జనరేటరు రొద పడ్డ డైలాగుల్ని శుభ్రం చేయడంలో దిట్ట. పని అయ్యాక మొహమాటపడుతూనే క్యాసెట్టు తీసి చేతిలో పెట్టాను.

"దీనికేముందన్నా, అయిదు నిమిషాల పని. కరెంటు హమ్ము అది. 50 దగ్గర ఒక కత్తెర వేస్తే పోతుంది" అన్నాడు.

మన ఇళ్ళకొచ్చే కరెంటు ఒకే దిక్కుకు పోదు. సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంటుంది. ట్యూబులైటు చోకు పక్కన టేప్‌రికార్డరు పెడితే ఆ ఊగుడు టేపులోకి ఎక్కేస్తుంది. 50 దగ్గర ఒక మోత, దాని రెట్టింపు 100 దగ్గర ఇంకోటి, 150 దగ్గర మరోటి... ఇలా పరివారంతో సహా దిగుతుంది. అందుకే ఇంజనీరు 50 దగ్గర సన్నటి కోత పెట్టాడు. మీట నొక్కాడు. విన్నాం.

మోత పోలేదు!

100 దగ్గర కోశాడు, 150 దగ్గర కోశాడు. ఊహూఁ. కుర్రాడికి పట్టుదల వచ్చింది. కోత వెడల్పు చేశాడు. ఈసారి మోత తగ్గింది గాని నాన్న గొంతులో కండ కూడా పోయింది. ఖాళీ బిందెలోంచి పాడుతున్నట్టుంది.

"ఒక్క నిమిషమన్నా, అసలేం జరుగుతోందో బొమ్మ చూద్దాం" అని కంప్యూటరు తెర మీద ఒక పటం తెరిచాడు. ఎడమ నుంచి కుడికి కాలం. కింద నుంచి పైకి శ్రుతి: కింద గంభీరమైన ధ్వనులు, పైన కీచు ధ్వనులు. ఎక్కడ ధ్వని బలంగా ఉంటే అక్కడ వెలుగు. నాన్న పద్యం ఆ పటంలో నిచ్చెన మెట్లలా అలలు అలలుగా కదులుతోంది. అన్నిటికన్నా అడుగున కరెంటు మోత... ఒక గీతలా.

ఆ గీత తిన్నగా లేదు! టేపు మొదట్లో 50 దగ్గర కాదు, 50.5 దగ్గర మొదలైంది. ముప్ఫై నిమిషాల పొడుగునా నెమ్మదిగా పైకెక్కుతూ చివరికి 53.5 దగ్గర తేలింది. కత్తెర ఒకచోట కాచుకుని ఉంటే దొంగ ఇంకోచోటి నుంచి నడిచి వెళ్ళిపోతున్నాడన్నమాట.

ఎందుకెక్కింది? ఆ సంగతి చెప్పే ముందు, ఆ పటం గీయడం మనుషులకు నేర్పిన మహానుభావుణ్ణి పలకరించి వద్దాం.

<b>పులిహోర విడదీస్తానన్న మాస్టారు</b>

పులిహోర కలిపేశాక, ఇందులో చింతపండు ఎంత, ఉప్పు ఎంత, పసుపు ఎంత అని విడివిడిగా తీసి చూపించమంటే ఎవరైనా నవ్వుతారు. జోసెఫ్ ఫోరియర్ నవ్వలేదు. తీయొచ్చన్నాడు.

ఈయన 1768లో ఫ్రాన్సులో ఆక్సేర్ అనే ఊళ్ళో ఒక దర్జీ ఇంట్లో పుట్టాడు. పదేళ్ళు నిండేలోపే తల్లీ తండ్రీ పోయారు. విప్లవ కాలంలో, 1794లో జైలుకి వెళ్ళి బయటపడ్డాడు. 1798లో నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్ళాడు. తిరిగొచ్చాక నెపోలియన్ ఆయన్ని గ్రెనోబుల్ ప్రాంతానికి కలెక్టరు లాంటి పదవిలో కూర్చోబెట్టాడు. పగలు ప్రభుత్వం పని, తీరికవేళ వేడి మీద పరిశోధన. ఇనప కడియం ఒక వైపు కాలిస్తే ఆ వేడి మిగతా కడియం అంతా ఎలా పాకుతుంది? ఇదీ ఆయన పట్టుకున్న ప్రశ్న.

జవాబు కోసం ఆయన వేసిన ఎత్తు ఇది. ఎంత వంకరటింకర ఆకారమైనా సరే, నున్నటి అలలు కొన్నింటిని తగు పాళ్ళలో కలిపితే వస్తుంది. ఒకటి నెమ్మది అల, ఒకటి దానికి రెట్టింపు వేగం, ఒకటి మూడు రెట్లు... ఇలా. ఏ అల ఎంత పాలు ఉందో కనుక్కునే సూత్రం కూడా ఇచ్చాడు.

ఆ సూత్రం భజన చేసినవాళ్ళకి తేలిగ్గా తెలుస్తుంది. గుంపులో రకరకాల దరువులు పడుతున్నాయి. మీరు ఒక వేగం ఎంచుకుని చప్పట్లు కొట్టండి. మీ చప్పట్లతో కలిసే దరువు ఉంటే అది ప్రతిసారీ మీతో కూడుతూ పోతుంది. కలవనివి ఒకసారి ముందు, ఒకసారి వెనక పడి ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా అవుతాయి. చివరికి మిగిలిన మొత్తమే ఆ వేగం పాలు. తర్వాత ఇంకో వేగంతో చప్పట్లు. మళ్ళీ ఇంకోటి. అంతే!

1807లో ఈ పరిశోధనని పారిస్ పండితుల ముందు పెట్టాడు. పరీక్షించిన నలుగురిలో లాగ్రాంజ్, లాప్లాస్ లాంటి కొండలున్నారు. మూలలు, తెగుళ్ళు ఉన్న ఆకారం నున్నటి అలల్లోంచి ఎలా వస్తుందని లాగ్రాంజ్ అడ్డుపడ్డాడు. వ్యాసం అచ్చుకు నోచుకోలేదు. అదే విషయం మీద పోటీ పెడితే 1811లో మళ్ళీ పంపాడు. బహుమతి ఇచ్చారు గాని, రుజువులో పటుత్వం చాలలేదని ఓ చురక కూడా అంటించారు. చివరికి 1822లో పుస్తకంగా వచ్చింది. మొదట చూపించిన నాటికీ పుస్తకం నాటికీ పదిహేనేళ్ళు!

పండితులు అడిగిన ప్రశ్న వృథా కాలేదు లెండి. దానికి సరైన జవాబు వెతకబోయి ఆ తర్వాతి తరాల వాళ్ళు లెక్కల శాస్త్రంలో ఒక పెద్ద శాఖనే పెంచారు. కానీ ఆ వ్యాసం పక్కన పడేసి ఊరుకుని ఉంటే?

<b>మృదంగం మీద నల్లమచ్చ</b>

మన దేశంలో ఈ విడదీసే విద్య ఎంత అందమైన చోట వాలిందో చూడండి. సి.వి. రామన్ చిన్నతనంలో విశాఖపట్నంలో చదువుకున్నాడని మీకు తెలిసే ఉంటుంది. నోబెల్ బహుమతికి పదేళ్ళ ముందే, 1920లో, కలకత్తాలో శివకాళీ కుమార్‌తో కలిసి మన మృదంగం, తబలాల మీద పరిశోధన అచ్చువేశాడు.

మామూలు డప్పు చర్మం కొడితే ముఖ్య ధ్వనితో పాటు పుట్టే ఇతర ధ్వనులు 1.59 రెట్లు, 2.14 రెట్లు, ఇలా పొత్తు కుదరని లెక్కల్లో ఉంటాయి. అందుకే అది దరువే గాని స్వరం కాదు. వీణ తీగలో మాత్రం 2 రెట్లు, 3 రెట్లు, 4 రెట్లు అని పూర్ణసంఖ్యల్లో వస్తాయి. అందుకే చెవికి ఇంపు. మరి మృదంగం చర్మమే కదా, స్వరం ఎలా పలుకుతోంది? కుడిమూత నడుమ పొరలు పొరలుగా పూసి ఆరబెట్టిన ఆ నల్లటి పూత వల్ల! ఆ బరువు వల్ల చర్మం ఊగే తొమ్మిది తీరులు అయిదు ధ్వనులుగా జట్టు కడతాయనీ, ఆ అయిదూ 1, 2, 3, 4, 5 లెక్కలో పడతాయనీ రామన్ చూపించాడు. మూత మీద ఇసుక చల్లి, చర్మం ఎక్కడ కదలకుండా నిలుస్తుందో ఇసుక గీతల్లో చూశాడు. 1934లో బెంగుళూరు నుంచి మరింత వివరంగా రాశాడు.

పేరు కూడా మిగలని మన పాతకాలపు వాద్యాల పనివాడు చేతితో, చెవితో సాధించిన లెక్క అది. తెలియనివాడు చూస్తే మురికి మచ్చ అనుకుని గీకేస్తాడు. గీకితే మృదంగం డప్పయి కూర్చుంటుంది.

<b>అబద్ధపు ప్రశ్న, అసలు జవాబు</b>

ఫోరియర్ సూత్రంలో ఒకటే ఇబ్బంది: చాకిరీ. ఒక్కో వేగానికీ మొదటి నుంచి చివరి దాకా చప్పట్లు కొట్టుకుంటూ పోవాలి. ధ్వనిలో 1,024 కొలతలు తీసుకున్నారనుకోండి. 1,024 వేగాలకు సరిచూస్తే పది లక్షల పైచిలుకు గుణకారాలు. 1960ల నాటి కంప్యూటర్లకు అది తలకు మించిన భారం.

ఇక్కడ గూఢచారి సినిమా మొదలవుతుంది. అమెరికా, రష్యాలు భూమి అడుగున అణుబాంబులు పేల్చి చూసుకుంటున్న రోజులు. దూరాన భూకంప యంత్రం గీసిన గీతను బట్టి అది భూకంపమా, బాంబా అని తేల్చాలి. అలల్ని విడదీయాలి, అదీ త్వరగా. 1963లో ఒక సలహా సంఘం సమావేశంలో జాన్ ట్యూకీ అనే గణితవేత్త కాగితం మీద ఏదో గీసుకుంటుంటే రిచర్డ్ గార్విన్ అనే భౌతిక శాస్త్రవేత్త కంట పడింది. అది లెక్కను సగాలుగా, సగాల్ని సగాలుగా చీల్చి, ఒకసారి చేసిన పనిని మళ్ళీ మళ్ళీ వాడుకునే కిటుకు. గార్విన్ దాన్ని ఐబీఎంలో పనిచేసే జేమ్స్ కూలీ దగ్గరికి పంపాడు. బాంబుల సంగతి పైకి చెప్పలేదు. "హీలియం స్ఫటికం మీద పరిశోధనకు కావాలి" అని చెప్పి ప్రోగ్రాము రాయించాడు!

1965లో కూలీ, ట్యూకీల వ్యాసం వచ్చింది. పది లక్షల గుణకారాలు పదివేల స్థాయికి దిగాయి. అంటే వంద రెట్లు తేలిక. డబ్బింగు థియేటరులో మా కుర్రాడు మీట నొక్కగానే పటం వచ్చిందంటే ఆ కిటుకు చలవే.

ఇంకో తమాషా ఏమిటంటే, ఈ కిటుకుని జర్మనీలో గౌస్ 1805 ప్రాంతంలోనే రాసి పెట్టుకున్నాడు. అచ్చు వేయలేదు. ఆయన పోయాక 1866లో రచనల సంపుటంలో వచ్చినా ఎవరూ పట్టించుకోలేదు. కూలీ, ట్యూకీలు మళ్ళీ కనిపెట్టాక గాని దాని విలువ తెలియలేదు.

ఇలాంటి కథే ఆసుపత్రిలోనూ ఉంది. రిచర్డ్ ఎర్న్‌స్ట్ అనే స్విట్జర్లాండు శాస్త్రవేత్త అణువుల నుంచి వచ్చే రేడియో ధ్వనిని ఒకేసారి పట్టి, ఫోరియర్ లెక్కతో విడదీయొచ్చని వ్యాసం రాస్తే ఒక పత్రిక రెండుసార్లు తిప్పి పంపింది. 1966లో వేరే పత్రిక వేసుకుంది. ఇవాళ ఎమ్మారై స్కానింగు గొట్టంలో పడుకున్నవారి బొమ్మ కట్టేది ఆ దారిలో వచ్చిన లెక్కే. ఎర్న్‌స్ట్‌కు 1991లో నోబెల్ వచ్చింది.

సరే, మన సినిమా లోకానికి వద్దాం.

<b>"మరీ సులువుగా ఉంది" అన్నారు!</b>

మీ ఫోన్లో సినిమా చూస్తున్నారు. దాని అసలు బరువెంతో ఎప్పుడైనా లెక్కేశారా? ఒక ఫ్రేములో 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలు. ఒక్కో చుక్కకు మూడు అంకెలు. సెకనుకు 24 ఫ్రేములు. రెండున్నర గంటల సినిమాకి ఉన్నదున్నట్టు దాస్తే 1,300 గిగాబైట్లు దాటుతుంది. మీ ఫోన్లోకి వచ్చేది రెండు మూడు గిగాబైట్లు. మిగతాదంతా ఏమైంది? పారేశారు. మీకు తెలియకుండా, మీకు లోటు కనిపించకుండా!

ఎలా పారేయాలో చెప్పినవాడు 1940లో బెంగుళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్. అక్కడే ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్ళాడు. కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ, బొమ్మని ఫోరియర్ అలలకు చుట్టమైన కొసైను అలలుగా విడదీస్తే ఎలా ఉంటుందని ఆలోచించాడు. 1972లో పరిశోధనకు డబ్బివ్వమని అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్.ఎస్.ఎఫ్.కు అర్జీ పెట్టాడు. ఇవ్వలేదు. అర్జీ చూసిన ఒకాయన ఈ ఆలోచన మరీ సులువుగా ఉందన్నాడట!

అహ్మద్ ఊరుకోలేదు. 1973 వేసవిలో జీతం రాకపోయినా సరే, ఈ సంగతేదో తేల్చుకోవాలని కూర్చున్నాడు. శిష్యుడు టి. నటరాజన్, టెక్సాస్‌లోని మిత్రుడు కె.ఆర్. రావు తోడయ్యారు. 1974 జనవరిలో ముగ్గురి పేర్లతో చిన్న వ్యాసం వచ్చింది. దాని పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్, ముద్దుగా డీసీటీ.

కిటుకు ఇదీ. బొమ్మని 8 అడ్డం, 8 నిలువు చుక్కల గళ్ళుగా కోస్తారు. గడికి 64 చుక్కలు. వాటిని 64 అలల పాళ్ళుగా మారుస్తారు. ఆకాశం, గోడ, హీరోయిను బుగ్గ లాంటి చోట్ల రంగు నెమ్మదిగా మారుతుంది గనక నెమ్మది అలల పాళ్ళే పెద్దగా ఉంటాయి. వేగం అలల పాళ్ళు దాదాపు సున్నా. మన కన్ను కూడా ఆ సన్న వివరాన్ని అంతగా పట్టించుకోదు. వాటిని వదిలేసి మిగతావి దాస్తే చాలు. 1992 నాటి జేపెగ్ ఫోటో పద్ధతి దీని మీదే నిలిచింది. ఆ తర్వాత వీడియోలకి వచ్చిన పద్ధతులు పక్కపక్క ఫ్రేముల తేడా మాత్రమే పంపే ఉపాయాన్ని దీనికి జోడించాయి. ఎంపీ3 పాటలో ఉన్నది కూడా దీని తమ్ముడే. థియేటరు డిజిటల్ ప్రింటు దారి మాత్రం వేరు, అక్కడ జేపెగ్ 2000 అని వేవ్‌లెట్ల లెక్క.

2021లో 'దిస్ ఈజ్ అస్' అనే అమెరికా టీవీ సీరియల్ ఒక భాగంలో అహ్మద్, ఆయన భార్య ఎస్తేరుల కథని చూపించింది. దూరాన ఉన్న కుటుంబం వీడియో కాల్లో ఒకరినొకరు చూసుకునే కథలో, ఆ వీడియోకి దారి వేసినవాళ్ళని కూడా ఇరికించారు. వీడియోని సాధ్యం చేసినవాడు వీడియోలోనే పాత్రయ్యాడు!

<b>మళ్ళీ డబ్బింగు థియేటరులో...</b>

మా కుర్రాడు ఆ ఎక్కే గీతను చూసి కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అన్నా, ఆ రోజు టేప్‌రికార్డరు కరెంటు మీద నడిపారా, సెల్లుల మీదా?" అన్నాడు.

ఆలోచించాను. గుర్తొచ్చింది. ప్లగ్గు దూరంగా ఉండి తీగ అందక సెల్లులు వేశాం. పక్కింటి వాళ్ళవి, పాత సెల్లులు.

"అదీ సంగతి. రికార్డింగు సాగుతున్న కొద్దీ సెల్లులు నీరసపడ్డాయి. మోటారు మెల్లగా తిరిగింది. మెల్లగా ఎక్కిన టేపుని ఇప్పుడు సరైన వేగంతో తిప్పితే అన్నీ వేగం పుంజుకుంటాయి, శ్రుతి పైకెక్కుతుంది. మోత ఒక్కటే ఎక్కలేదన్నా. మీ నాన్నగారు కూడా దాంతో పాటే ఎక్కారు."

నాకు అక్క మాట గుర్తొచ్చింది. ఎవడో కుర్రాడు నాన్నలా పాడుతున్నట్టుంది...

అయితే కుర్రాడు మంచి అనుమానం ఒకటి లేవదీశాడు. ఆ రోజుల్లో మన కరెంటు కచ్చితంగా 50 దగ్గర నిలిచేది కాదు, అటూ ఇటూ అయ్యేది. మోతని కొలబద్దగా నమ్మాలంటే ఇంకో సాక్షి కావాలి. నాన్న హార్మోనియం అక్క దగ్గర తెనాల్లోనే ఉంది. ఫోను చేసి, నాన్న శ్రుతి పట్టే మెట్టు నొక్కి రికార్డు చేసి పంపమన్నాను. "ఈ అర్ధరాత్రి హార్మోనియం ఏంట్రా, నీకేమైనా పిచ్చా?" అని తిట్టి, పంపింది.

అక్క పంపిన స్వరం 352 దగ్గర పలికింది. టేపులో అదే మెట్టు మొదట్లో 355, చివర్లో 376. మోత మొదట్లో నూటికి ఒక వంతు, చివర్లో నూటికి ఏడు వంతులు ఎక్కువ. హార్మోనియం కూడా ఇంచుమించు అంతే! ఇద్దరు సాక్షులూ ఒకే మాట చెప్పారు. మొదటి పద్యానికీ చివరి పద్యానికీ నడుమ నాన్న శ్రుతి హార్మోనియం మీద ఒక మెట్టు పైకి జరిగిపోయింది.

ఇక పని తేలిక. ఎక్కుతున్న ఆ మోత గీతను కింద 50 దగ్గర తిన్నగా నిలిచేలా టేపు వేగాన్ని క్షణక్షణం సరిచేశాడు. గీతతో పాటు నాన్న గొంతు కూడా తన చోటికి దిగింది. హార్మోనియం మెట్లు పద్యాల మధ్య మోగవు గనక వాటి మీద ఆధారపడితే సగం సగమే అయ్యేది. మోత మాత్రం ఒక్క క్షణం కూడా ఆగలేదు. మొదట్లోనే మోతని పూర్తిగా తీసేసి ఉంటే ఈ దిద్దుబాటుకు దారే ఉండేది కాదు.

ఆ తర్వాత 50, 100, 150 దగ్గర వెంట్రుకవాసి కోతలు. గీత కదలడం లేదు గనక సన్నటి కత్తెరకే దొరికింది. గొంతుకి గాయం కాలేదు.

మోత తగ్గాక, రెండో పద్యానికీ మూడో పద్యానికీ మధ్య ఇన్నేళ్ళూ వినపడని ఒక మాట వినిపించింది. నాన్నది.

"ఒరే చిన్నోడా, ఆ లైటు ఆపరా. ఝుమ్మంటోంది."

నేను ఆపలేదు. ఎందుకాపలేదో గుర్తు లేదు. బహుశా ఆటలో ఉండి ఉంటాను.

ఫైలు అక్కకి పంపాను. అరగంట తర్వాత ఫోను చేసింది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇదిరా నాన్న" అంది. అంతే.

<b>మీ ఇంట్లో క్యాసెట్టు ఉంటే...</b>

ఈ శీర్షిక చదివే కుర్రకారులో సగం మంది షార్టు ఫిలింలు తీస్తున్నారని నాకొచ్చే ఉత్తరాల వల్ల తెలుసు. మీకు రెండు మాటలు.

మొదటిది: అటక మీద అమ్మమ్మ లాలిపాటో, తాతగారి హరికథో ఉన్న క్యాసెట్టు ఉంటే, ముందు ఉన్నదున్నట్టు, మోతతో, గరగరతో సహా కంప్యూటరులోకి ఎక్కించండి. అసలు నకలుని ముట్టుకోకుండా దాచి, రెండో నకలు మీద మాత్రమే శుభ్రం చేయండి. ఎంపీ3గా కుదించకండి, ఆ కుదింపులో చెవికి అక్కర్లేదనుకున్నవి పోతాయి. ఆ పోయినవాటిలోనే మీ కొలబద్ద ఉండొచ్చు. ఆ రోజు ఏ వాద్యం మోగింది, ఏ గదిలో తీశారు, సెల్లులా కరెంటా అని పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాసుకోండి.

రెండోది: మీ కథ పట్టుకెళ్తే ఏ నిర్మాతో, ఏ సంపాదకుడో "మరీ సింపుల్‌గా ఉందయ్యా" అని తిప్పి పంపితే, నిజంగా బాగోలేదేమో ముందు ఒకసారి చూసుకోండి. తిప్పి కొట్టిన ప్రతి కథా గొప్పది కాదు, నావే నాలుగున్నాయి, చూశాను కదా! చూశాక కూడా అందులో పస ఉందనిపిస్తే మాత్రం చెత్తబుట్టలో వేయకండి. ఫోరియర్ పదిహేనేళ్ళు వేయలేదు. అహ్మద్ జీతం లేని వేసవిలో కూడా వేయలేదు.

అన్నట్టు, మా కుర్రాడు మోతని పూర్తిగా తీసేయనా అని చివర్లో అడిగాడు. వద్దన్నాను. పద్యాల వెనక కొంచెం ఉంచమన్నాను. మా ఇంట్లో ఆ సాయంత్రం ట్యూబులైటు వెలుగుతోంది మరి.

వచ్చే వారం కలుద్దాం.